రబ్బరు ఎర్ర వేయండి, పిల్లల తల్లిని మాత్రం వదలండి

ఈసారి వరి ముచ్చట కాదు, పత్తి ముచ్చట కాదు. చెరువు ముచ్చట. పోస్టు పొడుగైతది, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మృగశిర దగ్గర పడుతుంటే మన దిక్కు ఊర్లల్లో ఒక గొడవ మొదలైతది. ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ పాతబస్తీ నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు బండ్లేసుకుని వస్తరు. వీపుకు సన్నటి గాలం కడ్డీలు, భుజానికి సంచి. కట్ట కింద బండి ఆపి, తూము పక్కన నిలబడి, రబ్బరు ఎర్రను నీళ్లలోకి విసురుతరు. మనోళ్లల్లో కొందరు తరిమేస్తరు, కొందరు పక్కనే కూర్చొని గంటలు గంటలు చూస్తరు. "ప్లాస్టిక్ వేసి చెరువు పాడు చేస్తున్నరు" అని ఒకరు. "సంకనాకిపోయిన రోజులు, మనం వల వేస్తే పడని చేప వాళ్లకెట్ల పడుతున్నది" అని ఇంకొకరు.

నా మాట ముందే చెప్తున్న. ఆ రబ్బరు ఎర్ర మంచి పనిముట్టు. గాలం వేసే అలవాటున్న రైతు ఎవరైనా నేర్చుకోదగ్గది. పెద్ద కొర్రమట్ట కావాలంటే దాన్ని మించింది నేను చూడలేదు. కానీ అదే ఎర్ర వానాకాలంలో కొర్రమట్ట పిల్లల గుంపు మీద పడితే, ఆ ఒక్క చేపతోటి చెరువులో వచ్చే రెండు మూడేండ్ల కొర్రమట్టలు పోతయి. మొదటి మాట చెప్పేటోళ్లు రెండోది చెప్పరు, రెండోది చెప్పేటోళ్లు మొదటిది ఒప్పుకోరు. అందుకే రెండూ నేనే రాస్తున్న.

ముందు ఈ ఎర్ర ఎక్కడిదో చూద్దాం. వానపామును మనం ఎర్ర అంటం కదా, అచ్చం దాని తీరు మెత్తటి ప్లాస్టిక్‌తో చేసింది ఇది. 1949లో అమెరికాలో ఒహైయో రాష్ట్రం, ఆక్రన్ అనే ఊర్లో నిక్ క్రీమ్ అనే ఆయన, ఆయన భార్య కాస్మా కలిసి ఇంట్లోనే ప్లాస్టిక్ కరిగించి అచ్చుల్లో పోసి తయారు చేసిన్రు. ఐదు ఎర్రల ప్యాకెట్ ఒక డాలర్‌కు పోస్టులో అమ్మిన్రు. అది బాస్ అనే చేప కోసం. బాస్ మన చెరువుల చేప కాదు. పెద్ద నోరు, గడ్డిలో దాక్కొని ఉండుడు, ముందు నుంచి ఏది పోయినా ఒక్కసారే మీద పడుడు, ఇదీ దాని గుణం. చదువుతుంటేనే మీకు తెలిసిపోయి ఉంటది. ఈ గుణాలన్నీ మన కొర్రమట్టవి. రెండింటికీ చుట్టరికం లేదు, కానీ బతుకు తీరు ఒకటే. అందుకే బాస్ కోసం పుట్టిన ఎర్ర మన తుంగలో, తామరాకుల్లో అంత బాగా పని చేస్తది.

ఒక ముచ్చట చెప్పి ముందుకు పోత. ప్రపంచంలో అందరికన్నా పెద్ద బాస్‌ను 1932లో అమెరికా జార్జియాలో ఒకాయన పట్టిండు, పది కిలోల పైన. మళ్లీ 77 ఏండ్లకు, 2009లో జపాన్ బీవా సరస్సులో ఇంకొకాయన దాదాపు అంతే బరువుది పట్టిండు. ఈ రెండింట్లో ఒక్కటి కూడా రబ్బరు ఎర్రకు పడింది కాదు. షాపోడు "ఇది వేస్తే రికార్డు చేపే" అంటే నవ్వి ఊరుకోండి. ఈ ఎర్ర గొప్పతనం రికార్డులో లేదు. వేరే ఏ గాలం పోలేని గడ్డిలోకి ఇది పోతది, చిక్కకుండా బయటికి వస్తది. అంతే దాని బలం.

ఈ పాతబస్తీ పిల్లలకు గడ్డిలో వేసే నేర్పు ఎక్కడిది అని మీరు అడగొచ్చు. మనలో చాలామంది తెల్లారగట్ల మీర్ ఆలం మండికి కూరగాయలు, ఆకుకూరలు తీసుకుపోతం. ఆ పేరే ఉన్న చెరువు ఒకటి ఉన్నది, జూపార్కు పక్కన, బహదూర్‌పురా దాటినంక. నిజాం దగ్గర దివాన్‌గా చేసిన మీర్ ఆలం పేరు మీద 1804లో మొదలుపెట్టి 1806లో పూర్తి చేసిన్రు. కట్ట చూడకపోతే ఒకసారి చూసి రండి. మన కట్టల్లెక్క మట్టి దిబ్బ కాదు. 21 సగం గుండ్రటి రాతి కమాన్లు పక్కపక్కన నిలబెట్టి, వాటి వీపు నీళ్ల దిక్కు ఉండేటట్టు కట్టిన్రు. నీళ్లు ఎంత నెట్టితే కమాను అంత బిగుస్తది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ రాక ముందు పట్నానికి తాగునీళ్లు అక్కడి నుంచే. రెండు వందల ఏండ్లు దాటినా కట్ట కదల్లేదు. నీళ్లు మాత్రం మురికైనయి. డ్రైనేజీ వచ్చి పడుతది, గుర్రపుడెక్క పరుచుకుంటది. అటు దిక్కు పెరిగిన పిల్లలకు గుర్రపుడెక్క లేని నీళ్లు ఎట్లుంటయో తెల్వదు. మామూలు గాలం వేస్తే ప్రతి విసురుకూ గంపెడు గడ్డి వస్తది. కాబట్టి ముల్లు దాచిపెట్టి వేసుడు వాళ్లకు షోకు కాదు, అవసరం. అక్కడ పట్టిన చేప నేనైతే తినను, మీకూ చెప్పను. ఆ పిల్లల్లో తెలివైనోళ్లు కూడా తినరు, అందుకే పెట్రోలు ఖర్చు పెట్టుకొని మన చెరువులకు వస్తున్నరు.

పోయిన ఏడాది చలికాలంలో ఒక పిల్లగాడు మా కట్ట మీద కూర్చొని ఎర్ర గుచ్చుతుంటే పక్కన కూర్చున్న. ఇరవై ఏండ్లు కూడా ఉండవు. "చిచ్చా, ముల్లు కనిపించొద్దు. ముల్లు కనిపిస్తే గడ్డి పడ్తది, మచ్లీ పడదు" అన్నడు. దీన్ని మించిన పాఠం ఏ వీడియోలో లేదు. నేను చూసింది, తర్వాత చేసింది మీకు వివరంగా చెప్త.

దీనికి కావలసిన గాలం ముల్లు మన మామూలు ముల్లు కాదు. దాని మెడ దగ్గర మెట్టు లెక్క ఒక వంపు ఉంటది. షాపులో "ఆఫ్‌సెట్ హుక్" అని అడగండి, సైజు 3/0 నుంచి 5/0. ఎర్ర ఐదు నుంచి ఏడు అంగుళాలది. బుల్లెట్ తీరు మొనదేలిన సీసం గుండు ఒకటి, మూడు గ్రాముల నుంచి ఏడు గ్రాముల దాకా. దారం మాత్రం అల్లినది తీసుకోండి. కొర్రమట్ట గడ్డిలోకి తల దూర్చి చుట్టుకుంటది, సన్నటి నైలాన్ దారం అక్కడ పుటుక్కున తెగుతది. తెగితే చేప పోవుడే కాదు, ముల్లు నోట్లో పెట్టుకొని పోతది.

దారానికి ముందుగా సీసం గుండు ఎక్కించాలె, మొన పైకి ఉండేటట్టు. తర్వాత ముల్లు ముడి వేయాలె. ఇప్పుడు ఎర్ర తల నడిమిట్ల ముల్లు గుచ్చి, అర సెంటీమీటరు లోపలికి పోయినంక పక్క నుంచి బయటికి తీయాలె. ఎర్రను ముల్లు మీదుగా పైకి జరుపుతూ పోతే మెడ దగ్గర ఆ మెట్టు మీద తల వచ్చి కూర్చుంటది. అప్పుడు ముల్లును సగం తిప్పితే దాని మొన ఎర్ర ఒంటి దిక్కు తిరుగుతది. ఇక్కడ తొందర పడొద్దు. ఎర్రను నిటారుగా వేలాడదీసి, ముల్లు వంపు ఒంటి మీద ఎక్కడ ఆనుతదో గోటితో గుర్తు పెట్టుకోండి. సరిగ్గా అక్కడే గుచ్చి, అవతలికి తీసి, మొనను మళ్లీ పైపొర కింద కొంచెం దాచాలె. వేలితో తడిమితే ముల్లు గుచ్చుకోవద్దు, నొక్కితే మాత్రం బయటికి రావాలె.

అయిపోయినంక ఎత్తి చూడండి. ఎర్ర సూటిగా ఉండాలె. కొంచెం వంకరున్నా, మడత పడ్డా, లాగినప్పుడల్లా గిర్రున తిరుగుతది, దారం మెలికలు పడుతది. నిజమైన ఎర్ర నీళ్లలో బొంగరం లెక్క తిరగదు కదా, పెద్ద చేపకు ఆ తేడా తెలుస్తది. పెద్దదైందంటేనే ఎన్నో గాలాలు తప్పించుకున్నదని అర్థం. పది మందిలో ఎనిమిది మంది ఇక్కడే చెడగొట్టుకుంటరు. ఎర్ర రంగు మార్చి, కంపెనీ మార్చి, చెరువు మార్చి చూస్తరు కానీ వంకర సరి చేయరు.

గడ్డి దట్టంగా ఉన్న చోట సీసం గుండు ఒక దిక్కు, ఎర్ర ఒక దిక్కు పోయి ఆకుల మీదనే వేలాడుతది. దానికి ఒక ఉపాయం ఉన్నది. గుండు రంధ్రంలో చీపురు పుల్ల చిన్న ముక్క దోపి విరిచేయండి. గుండు జరగదు, ఎర్ర తలను అంటుకొనే ఉంటది, రెండూ కలిసి బొక్కలోకి జారుతయి. అక్కడోళ్లు పండ్లలో పెట్టుకునే పుల్ల వాడుతరు, మనకు చీపురు చాలు.

ఇదే పద్ధతిని వాళ్లు టెక్సస్ రిగ్ అంటరు. ఇంకా రెండు మూడు పద్ధతులున్నయి. గుండును ఎర్రకు మూరెడు దూరంలో పెట్టి అడుగున ఈడ్చేది ఒకటి. గడ్డి లేని కట్ట దగ్గర, ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు తప్ప మన చెరువుల్లో దాని పని తక్కువ. ఎర్ర నడుముకే ముల్లు గుచ్చి, గుండు లేకుండా వదిలేది ఇంకొకటి. రెండు కొసలు ఆడుకుంటూ మెల్లగా మునుగుతది. పాత మోట బావుల్లో, పొలంలో నీటి కుంటల్లో ఇది బాగుంటది, ఎందుకంటే అక్కడ లోతు ఎక్కువ, గడ్డి తక్కువ. ముల్లు బయటనే ఉంటది కాబట్టి తుంగలో వేయకండి.

"మరి రబ్బరు కప్ప సంగతేంది, అందరూ అదే వేస్తరు కదా" అంటరు. కప్ప మంచిదే. పొద్దున, మాపటేళ, మబ్బు పట్టినప్పుడు ఆకుల మీద గంతులేయిస్తే కొర్రమట్ట పైకి లేచి కొడుతది, ఆ చప్పుడు విన్నోడికి రాత్రి నిద్ర పట్టదు. కానీ పది దాటి ఎండ ఎక్కినంక పెద్దది పైకి రాదు. తామరాకుల కింద, నీడలో, అడుగుకు కొంచెం పైన కదలకుండ ఉంటది. అప్పుడు దాని దగ్గరికి మనమే పోవాలె. ఎర్రతో అయ్యేది అదే పని.

ఎక్కడ వేయాలె? కొర్రమట్ట గాలి పీల్చే చేప. ఎన్ని నీళ్లున్నా కొద్ది నిమిషాలకోసారి పైకి రావల్సిందే. వచ్చి గుటుక్కున గాలి మింగి పోతది, చిన్న చప్పుడు, ఒక్క బుడగ. ఓపికగా ఒక బీడీ కాలినంత సేపు కూర్చుంటే గడ్డిలో ఏ బొక్క నుంచి ఏ సైజుది లేస్తున్నదో తెలిసిపోతది. గాలి మింగిన చోటనే వేయొద్దు. దానికి బారెడు అవతల వేసి, ఆకుల మీదుగా మెల్లగా లాక్కొచ్చి, ఆ బొక్కలో జారవిడవాలె. జారుతున్నప్పుడే ఎక్కువ సార్లు పడుతది. దారం జారుడు ఉన్నట్టుండి ఆగినా, పక్కకు నడిచినా చేపే. జారి అడుగుకు చేరినంక ఒక పది లెక్కపెట్టండి. కదిలించకండి. తర్వాత కడ్డీ కొసను జానెడు లేపి మళ్లీ వదలండి. చిన్నవి గబగబ కదిలేదాని వెంట పడుతయి. పెద్దది కదలనిదాన్ని చూస్తూ ఉంటది.

పట్టుకున్నదని తెలియంగనే గుంజొద్దు. కడ్డీ కొస కిందికి దించి, వదులు దారం చుట్టుకొని, చేప బరువు చేతికి తగిలినంక అప్పుడు ఒక్కసారే గట్టిగా గుంజాలె. ముల్లు మొన ఎర్ర పైపొరను చీల్చుకొని బయటికి రావాలె, ఆ తర్వాత బొక్కలున్న ఆ గట్టి నోట్లో దిగాలె. మెత్తగా గుంజితే రెండూ కావు. పడ్డంక చేతులు తడి చేసుకొని పట్టుకోండి, ముల్లు పకడుతో తీయండి. దాని పండ్లతో పరాచికాలు వద్దు.

ఇంకొక చిన్న మాట. ఈ ఎర్రలను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పడేయకండి. లోపలున్న నూనె లాంటి మందుకు కొన్ని డబ్బాలు కరిగి, ఎర్రలు, డబ్బా కలిసి జిగురు ముద్ద అయితయి. వచ్చిన ప్యాకెట్‌లోనే ఉంచండి.

ఇంతవరకు చెప్పింది పెద్ద చేపను పట్టే విద్య. ఇక అసలు సంగతికి వస్త.

తొలి వానలకు చెరువులోకి కొత్త నీళ్లు రాంగనే కొర్రమట్ట జంట కడుతది. శిఖం భూమి దగ్గర, మోకాలు లోతు నీళ్లలో, గడ్డిని పక్కకు నెట్టి గుండ్రటి జాగ చేసుకుంటది. గుడ్లు నీళ్ల మీద తేలుతయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతయి. ఆ పిల్లలు నారింజ పండు రంగులో ఉంటయి, వేలల్లో, ఒకే గుంపుగా తిరుగుతయి. గాలి కోసం అన్నీ కలిసి పైకి వచ్చినప్పుడు నీళ్లు కుతకుత ఉడికే అన్నం తీరు కనిపిస్తయి. మీరంతా చూసినోళ్లే. కానీ దాని కింద ఏమున్నదో ఆలోచించిన్రా? తల్లి, తండ్రి రెండూ ఉంటయి. దాదాపు నెల దాకా ఆ గుంపును వదలవు. కప్ప వచ్చినా, నీటి పాము వచ్చినా, ఇంకొక చేప వచ్చినా మీద పడుతయి.

ఇప్పుడు ఆ ఉడికే నీళ్ల మీద రబ్బరు కప్పనో, ఎర్రనో వేయండి. మొదటి విసురుకే పడుతది. నేర్పు అక్కర్లేదు, ముల్లు వంకరున్నా ఫరక్ పడదు, ఎండ వానతో పని లేదు. ఎందుకంటే అది ఆకలికి కొట్టలేదు. పిల్లల మీదికి ఏదో వచ్చిందని కొట్టింది. వీడియోల్లో "ఒక్క దెబ్బకే రెండు కిలోలు" అని చూపించేవాటిలో చాలావాటికి వెనుక ఉన్నది ఇదే. ముందు గుంపును వెతుకుతరు, తర్వాత తల్లిదండ్రులను ఒకదాని తర్వాత ఒకటి లేపుతరు. ఫోటో దిగుతరు. ఇక ఆ వేల పిల్లలు? కొంగలు, మట్టగిడసలు, ఇతర కొర్రమట్టలు, రెండు మూడు రోజుల పని. మీరు కోళ్లు పెంచినోళ్లే. కోడి లేని పిల్లలను గద్ద ఎన్ని రోజులు ఉంచుతది?

బాస్ చేప కూడా ఇట్లనే పిల్లలను కాస్తది, కాకపోతే అక్కడ మగది ఒక్కటే కాస్తది. అందుకే కెనడాలో ఒంటారియో రాష్ట్రంలో ఎక్కువ జాగల్లో అది గూడు మీదుండే వసంతకాలమంతా బాస్ పట్టనివ్వరు, జూన్‌లో గానీ తెరవరు. ఎర్ర కనిపెట్టిన దేశాల పక్కనున్న వాళ్లే ఆ కట్టడి పెట్టుకున్నరు. మనం వాళ్ల ఎర్ర తెచ్చుకున్నం, వాళ్ల కట్టడి తెచ్చుకోలేదు. నాకు కోపం ఇక్కడనే.

ఇందులో మన ఊరి లెక్క ఒకటి ఉన్నది. 2016 నుంచి ప్రభుత్వం మన చెరువుల్లో ఉచితంగా పోస్తున్న పిల్లల్లో ఎక్కువ భాగం బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ. బొచ్చె, రవ్వ నిలవ నీళ్లలో గుడ్డు పెట్టవు, వాటికి పారే నీళ్లు కావాలె. అందుకే ఏటేటా పిల్లలు పోయాల్సి వస్తది, లారీ ఆలస్యమైతే ఆ ఏడు అంతే. కొర్రమట్టకు లారీ అక్కర్లేదు, టెండర్ అక్కర్లేదు. చెరువు ఎండితే బురదలో దాక్కొని, నీళ్లు వస్తే మళ్లీ లేచి, తన పిల్లలను తానే పెంచుకుంటది. మార్కెట్‌లో రవ్వ కన్నా ఎప్పుడూ పై ధరే. అదే 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది కూడా దీన్నే. రూపాయి పెట్టుబడి లేకుండ చెరువు మనకు ఇచ్చే పంట ఇదొక్కటే, దాని విత్తనాన్నే మనం ఒక ఫోటో కోసం పోగొట్టుకుంటున్నం.

మృగశిర సంగతి కూడా ఇక్కడనే చెప్పాలె. జూన్ 8 దగ్గర్లో కార్తె మొదలైన నాడు చేప తినాలని మన ఆచారం. అదే రోజుల్లో పాతబస్తీ దూద్‌బౌలికి చెందిన బత్తిని కుటుంబం ఆయాసం ఉన్నోళ్లకు చేప ప్రసాదం ఇస్తది. 1845 నుంచి ఇస్తున్నమని వాళ్లు చెప్తరు. ఇప్పుడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో ఇస్తున్నరు. మందు పెట్టి నోట్లో వేసేది బతికున్న కొర్రమీను పిల్లనే. అది పని చేస్తదా లేదా అనేది డాక్టర్ల వాదన, నేను అందులోకి పోను. నేను చెప్పేది, పట్నం జనం వేలమంది లైన్లో నిలబడి కొర్రమీను పిల్ల కోసం చేయి చాపే ఆ వారమే మన చెరువుల్లో కొర్రమట్ట గుడ్డు మీదికి వస్తది. ఆచారం మానమని నేను అనను. మా ఇంట్లో కూడా ఆ నాడు పులుసు ఉండాల్సిందే. రవ్వ పులుసు చేసుకోండి, బొచ్చె వేపుడు చేసుకోండి. కార్తె ఏ చేప అని చెప్పలేదు.

దీని మీద మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. "కొర్రమట్ట మేం పోసిన రవ్వ పిల్లలను తింటది, అది తగ్గితేనే మంచిది" అని సొసైటీలో కొందరు అంటరు. తింటది, కాదనను. అయితే చలికాలం, ఎండాకాలం గాలం వేసి పెద్దవాటిని తీయండి, ఎవరు వద్దన్నరు? ఎర్ర ఉన్నదే దానికి. పిల్లల మీదున్నప్పుడు తీసుడుతో తగ్గేది పెద్దవి కాదు, రేపటివి.

"వల వేసేటోళ్లను ఏమనవు, గాలం వేసేటోళ్ల మీద పడ్డవు" అని కూడా అంటరు. వల గుడ్డిది, దానికి పిల్లల గుంపు కనిపించదు. గాలం వేసేటోడు చూసి, ఎంచుకొని వేస్తడు. చూసినోడికి వదిలే అవకాశం కూడా ఉన్నది, అందుకే అతన్ని అడుగుతున్న. ఇక కరెంటు పెట్టేటోళ్లు, మందు కలిపేటోళ్ల సంగతి వేరే. చేపల కోసం నీళ్లలో పేలుడు మందు, విషం వాడుడు 1897 నాటి చట్టం నుంచే నేరం. వాళ్లకు పోస్టు రాస్తే సరిపోదు, పోలీసులకు చెప్పాలె.

ప్లాస్టిక్ గురించి అన్నోళ్ల మాటలో నిజం ఉన్నది. ఈ ఎర్ర కుళ్లదు. కొర్రమట్ట పండ్లకు చిరిగి సగం ముక్క నీళ్లలో పడితే, ఇంకొక చేప మింగితే, కడుపులో ఉబ్బుతది. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో 2013లో ఈ రబ్బరు ఎరలను ఆపేయాలని చట్టసభ దాకా పోయింది, తర్వాత ఆపలేదు. నేనూ ఆపమనను. నడుముకు ఒక ఖాళీ సీసా కట్టుకోండి. చిరిగిన ముక్క అందులో వేయండి. ఎన్ని ఎర్రలు తెచ్చిన్రో అన్ని లెక్కకు రావాలె. మందు డబ్బాలు, గుట్కా ప్యాకెట్లు చెరువులోకే విసిరే మనం ఈ మాట ఆ పిల్లలకు చెప్పుడు కొంచెం సిగ్గుగా ఉంటది, అయినా చెప్పాలె.

తరిమేసుడు నాకు నచ్చదు. చెరువు మీద హక్కు మత్స్య సొసైటీది, ముదిరాజులు, గంగపుత్రులు దాని మీద బతికేటోళ్లు. వాళ్లను అడగకుండ పాతబస్తీ పిల్లగాడైనా, మనమైనా గాలం వేయొద్దు. అడిగితే మాత్రం ఒక పద్ధతి మీద ఒప్పుకోవచ్చు. నా ఉద్దేశం చెప్త. మృగశిర మొదలు ఆశ్లేష వెళ్లేదాకా, అంటే ఆగస్టు సగం దాకా, కొర్రమట్ట మీద గాలం బంద్. ఆ తర్వాత కూడా నారింజ గుంపు కనిపిస్తే అక్కడి నుంచి యాభై అడుగులు దూరం. మిగతా రోజుల్లో కడ్డీకి సొసైటీ చెప్పిన రుసుము కట్టి వేసుకోవచ్చు. జానెడు కన్నా చిన్నది పడితే వదలాలె. ఆ రుసుముతో సొసైటీకి నాలుగు పైసలు వస్తయి, ఆ పిల్లలకు దొంగతనంగా వచ్చే బాధ తప్పుతది, పైగా కట్ట మీద రాత్రి కరెంటు పెట్టేటోడు కనిపిస్తే ఫోన్ చేసే కండ్లు నాలుగు ఎక్కువ ఉంటయి.

ఈ మాటలు వచ్చే సొసైటీ మీటింగ్‌లో పెట్టబోతున్న. ఒప్పుకుంటే తూము దగ్గర రేకు బోర్డు పెడుదాం, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. ఉర్దూ రాయించే పని ఎర్ర గుచ్చుడు చూపించిన ఆ పిల్లగాడు ఒప్పుకున్నడు. వాళ్ల గల్లీలో పెయింటర్ ఉన్నడట, పైసలు కూడా వద్దన్నడట. రేకు, పైపుల ఖర్చు ఊర్లో చూసుకోవాలె. మీ ఊర్లో ఇట్లాంటి బోర్డు ఇప్పటికే ఉంటే ఫోటో పంపండి, ఏం రాసిన్రో చూసి రాయిస్తం.